స్పిండిల్‌లో ఆట

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులమ్మే ఒక చిన్న కొట్టులో మొన్న మార్కింగ్ బ్లూ, రెండు లోహాలు ఎక్కడెక్కడ ఆనుతున్నాయో చూపించే నీలం, అడిగితే గల్లాపెట్టె దగ్గరున్న కుర్రాడికి అర్థం కాలేదు. లోపల్నుంచి పెద్దాయన లేచొచ్చి, ఎమెరీ కాగితాల కట్టల వెనక్కి చెయ్యి పోనిచ్చి, బొటనవేలంత ట్యూబొకటి తీసి దుమ్ము ఊదాడు. "ఇది అడిగినోళ్లని చూసి ఎన్నేండ్లయిందో" అన్నాడు. మూత తిప్పగానే నూనెలో నానిన నీలం వాసన. ఘాటైన వాసనేం కాదు, అలవాటు లేనివాళ్లకు తెలియను కూడా తెలియదు. కానీ దాని వెనకే కిరసనాయిలు, ఆముదం పట్టించిన తోలు బెల్టు, అప్పుడే కోసిన గన్‌మెటల్, అన్నీ వరసగా వచ్చాయి. కవాడిగూడలో ఒకప్పటి మిషన్ షెడ్డు మొత్తం ఆ కొట్టులో కళ్లముందు నిలబడింది.

లైన్‌షాఫ్టు కింద

షెడ్డంటే రేకుల కప్పు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు మడత తలుపులు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ కార్ఖానా కవాడిగూడలోనే ఉండటంతో చుట్టుపక్కల సందుల్లో అలాంటివి చాలా ఉండేవి. అటు లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాపు. ఈ రెండుచోట్లా పనిచేసినవాళ్లు, పనిచేసి రిటైరైనవాళ్లు సాయంత్రం పూట సైకిలు స్టాండు వేసి షెడ్డు గడప మీద కూర్చునేవాళ్లు. ఏ మిషనుకు ఏ జబ్బు చేసిందో అక్కడే తేలేది.

గోడ పొడుగునా, మనిషెత్తుకు పైన, అన్ని మిషన్లనూ బెల్టులతో తిప్పే పొడవాటి ఇరుసు, లైన్‌షాఫ్టు, తిరిగేది. మోటారు ఒకటే, మిషన్లు ఐదు. బెల్టు అతుకు దగ్గరుండే స్టీలు లేసింగు పుల్లీకి తగిలినప్పుడల్లా 'టప్' మనేది. ఐదు బెల్టులు, ఐదు రకాల టప్పులు. ఏ మిషను పుల్లీ ఏ మెట్టు మీద నడుస్తోందో కళ్లు మూసుకుని చెప్పేవాడు షెడ్డు పెద్ద, ఉస్తాద్. వారానికోసారి బెల్టుల లోపలి వైపు ఆముదం పట్టించడం కుర్రాళ్ల పని. ఆముదం లేకపోతే తోలు బిరుసెక్కి జారుతుంది. జారుతోంది కదా అని గుగ్గిలం పొడి చల్లితే అప్పటికి పట్టు దొరుకుతుంది కానీ తోలు గాజులా మెరుపెక్కి రెండు నెలల్లో పగుళ్లు ఇస్తుంది. గుగ్గిలం డబ్బా ఉస్తాద్ కంటపడకుండా దాచుకునేవాళ్లు కొందరు.

మూలనున్న లేత్, అంటే ముక్కను తిప్పుతూ కోసే మిషను, అన్నిటికంటే పాతది. ఇంగ్లండు నుంచి వచ్చింది, పేరు పలక మీద అక్షరాలు తుడిచి తుడిచి అరిగిపోయాయి. పాతబస్తీ నుంచి పని తెచ్చేవాళ్లు దాన్ని ఖరాద్ అనేవాళ్లు. సెంటర్ ఎత్తు ఆరున్నర అంగుళాలు, చక్ దగ్గర పల్లమున్న అడుగు దిమ్మ, అంటే గ్యాప్ బెడ్, వేగం మార్చడానికి నాలుగు మెట్ల కోన్ పుల్లీ, ఇంకా నెమ్మదిగా తిప్పడానికి బ్యాక్‌గేర్. ముక్కను పట్టే చక్‌ను తిప్పే ఇరుసు స్పిండిల్, అది కూర్చునే పెట్టె హెడ్‌స్టాక్. అందులో ఒక్క బాల్‌బేరింగు లేదు. స్పిండిల్ ఆని తిరిగే భాగాల్లో, అంటే జర్నల్స్‌లో, ముందుది రెండుంపావు అంగుళాలు, వెనకది ఒకటిముప్పావు. రెండూ గన్‌మెటల్ బుష్‌లలో, అంటే కంచు తొడుగుల్లో, తిరుగుతాయి. ఒక్కో బుష్ రెండు బద్దలు: కింది బద్ద హెడ్‌స్టాక్‌లో, పై బద్ద క్యాపులో. క్యాపుకు రెండు బోల్టులు, బోల్టుల దగ్గర రెండు వైపులా సందు సరిచేసే పలచటి ఇత్తడి రేకులు, షిమ్ములు.

బాల్‌బేరింగు పోతే నంబరు చూసి రాణీగంజ్‌కి మనిషిని పంపొచ్చు. ఇలాంటి బుష్‌కు నంబరుండదు, ఏ కొట్లోనూ దొరకదు. చేసుకోవాల్సిందే.

ఎత్తి చూస్తేనే తెలిసేది

ఆ లేత్ జబ్బును మొదట పార్టింగ్ టూల్ బయటపెట్టింది. కడ్డీ తెగ్గోస్తుంటే కీచుమని అరుపు, ఆపి చూస్తే గాడి అడుగున పళ్ల గుర్తులు. తర్వాత ఫేసింగులో, అంటే ముక్క కొస ముఖాన్ని చదును చేసే కోతలో, చేపపొలుసుల్లా మచ్చలు. విచిత్రమేమంటే సన్న కోతకు బాగానే ఉండేది, లోతు కోతకూ మరీ అంత చెడ్డగా ఉండేది కాదు. మధ్యస్థంగా కోస్తేనే గరగరమనేది.

అందరి అనుమానమూ చక్ మీద పడింది. దవడలు అరిగాయన్నారు, కొత్తది కొనమన్నారు. ఉస్తాద్ చక్ విప్పించి పక్కన పెట్టించాడు. స్పిండిల్ బోరులో పట్టేంత లావు, రెండడుగుల పైచిలుకు పొడుగు స్టీలు కడ్డీ ఒకటి దూర్చాడు. సన్నటి కదలికను కూడా కొలిచే డయల్ గేజ్ స్టాండును బెడ్ మీద నిలిపి, ముల్లును స్పిండిల్ ముక్కు దగ్గర చక్ కూర్చునే నున్నటి మెట్టు మీద, సరిగ్గా పైనుంచి ఆనించాడు. చేత్తో నెమ్మదిగా స్పిండిల్ తిప్పితే ముల్లు అర థౌ కదిలింది. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు, 0.025 మిల్లీమీటరు. అర థౌ అంటే ఆ వయసు మిషనుకు గొప్పే. తర్వాత కడ్డీ కొస పట్టుకుని, ఒక మనిషి బలమంతా పెట్టకుండా, నిండు బిందె ఎత్తినంత బలంతో పైకి ఎత్తమన్నాడు. ముల్లు నాలుగున్నర థౌ ఎక్కింది. వదిలితే దిగింది.

"తిప్పితే మంచిగుంది, ఎత్తితే మంచిగలేదు. ఇంక చక్కుదేం తప్పురా బేటా?"

అంతటితో ఆగలేదు. గేజ్ ముల్లును ఈసారి క్యాపు మీద ఆనించి మళ్లీ ఎత్తించాడు, క్యాపే కదులుతోందేమోనని. బోల్టు వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది, అప్పుడు పానా తిప్పితే సరిపోయే రోగానికి స్పిండిల్ అంతా విప్పిన పాపం చుట్టుకుంటుంది. క్యాపు కదల్లేదు. వెనక జర్నల్ దగ్గర చూస్తే ఒక్క థౌ. అంటే అరుగుదలంతా ముందు బుష్‌లోనే.

మధ్యస్థపు కోతకే ఎందుకు గరగరమనేదో అప్పుడే అర్థమైంది. చక్ బరువు స్పిండిల్‌ను కిందికి తొక్కుతుంది. ముందు నిలబడి చూస్తే పనిముక్క మనవైపు దిగుతూ టూలుకు గుద్దుకుంటుంది కాబట్టి కోత దెబ్బ స్పిండిల్‌ను పైకి నెడుతుంది. పైనున్న లైన్‌షాఫ్టు నుంచి బెల్టు లాగుడూ పైకే. సన్న కోతలో బరువే గెలుస్తుంది, స్పిండిల్ కింది బద్ద మీద కూర్చుంటుంది. లోతు కోతలో టూలు గెలుస్తుంది, స్పిండిల్ పోయి క్యాపుకు అంటుకుంటుంది. రెండూ సమంగా ఉన్నచోట మాత్రం ఎటూ తేలక ఆ నాలుగున్నర థౌల సందులో పైకీ కిందికీ కొట్టుకుంటుంది. స్పిండిల్‌లో ఆట ఉందంటే అదే. డయల్ పెట్టి తిప్పి చూసి 'స్పిండిల్ బాగుంది' అనేవాళ్లకు ఈ ఆట ఎన్నటికీ దొరకదు. పాత లేత్ కొనబోయే ఎవరైనా, రంగు చూసే ముందు, ఒక కడ్డీ పెట్టి ఎత్తి చూడాలి.

అట్టముక్క

విప్పడానికి ఒక పూట పట్టింది, విప్పే ముందు గుర్తులు పెట్టడానికే సగం పూట. క్యాపు మీదా హెడ్‌స్టాక్ మీదా సెంటర్ పంచ్‌తో చుక్కలు: ముందుదానికి ఒకటి, వెనకదానికి రెండు. క్యాపులు తారుమారైతే, లేదా ముందు వెనకలు తిప్పి బిగిస్తే, బుష్ ఎంత బాగా గీకినా పట్టేస్తుంది. బుష్ బద్దలకూ అవే చుక్కలు, అంచు మీద. షిమ్ములు ఏ వైపువి ఆ వైపే దారంతో కట్టి విడివిడి పొట్లాలు.

ముందు క్యాపు కింద కుడివైపు షిమ్ములు తీస్తుంటే ఇత్తడి రేకుల మధ్య నూనెకు నల్లబడ్డ సిగరెట్ పెట్టె అట్టముక్క ఒకటి వచ్చింది. ఎప్పుడో ఎవరో షిమ్ము దొరక్క పెట్టారు. అట్ట నూనె తాగి, నొక్కుడుకు నలిగి, కొన్నాళ్లకు పలచబడుతుంది. ఆ వైపు క్యాపు కిందికి దిగుతుంది, బుష్ ఒక పక్కే జర్నల్‌ను రాస్తుంది. జర్నల్‌ను తర్వాత కొలిచినప్పుడు కనిపించిన వంకర అరుగుదలకు ఆ అట్టముక్కే మొదటి ముద్దాయి. ఉస్తాద్ దాన్ని పారేయనివ్వలేదు. మేకుకు గుచ్చి గోడకు కొట్టాడు, కొత్తగా చేరిన ప్రతివాడికీ చూపించేవాడు.

క్యాపులు రెండూ తీశాక, బెల్టు లేసింగు పిన్ను లాగేసి, వెనక కొసనున్న నట్లు వదులు చేస్తే స్పిండిల్ పుల్లీతో, గేర్లతో సహా పైకి లేస్తుంది. కింద చెక్కదిమ్మలు, గోనెసంచి, ఇద్దరు మనుషులు. ఒక్క నియమం మాత్రం గట్టిది. స్పిండిల్ కొస మీద ఉత్త సుత్తి పడకూడదు. కొస ఉబ్బితే మరలు చెడతాయి, స్పిండిల్ మీది పెద్ద గేర్, బుల్‌గేర్, బయటికి రాదు. సీసం పోసి చేసుకున్న సుత్తి ఉండేది, అది కాకపోతే రాగి దిమ్మ అడ్డుపెట్టాలి. గేర్ తీశాక, దాన్ని స్పిండిల్‌కు పట్టి ఉంచే 'కీ' కూర్చునే గాడి అంచుల్లో లేచిన పొరకను ఆకురాయితో చదును చేయాలి, లేకపోతే తిరిగి ఎక్కించేటప్పుడు గేర్ బోరంతా గీరుకుపోతుంది.

కోన్ పుల్లీ లోపలి బోరు చూసి అందరికీ బాధ కలిగింది. బ్యాక్‌గేర్ మీద నడిపేటప్పుడు పుల్లీ స్పిండిల్ మీద విడిగా తిరుగుతుంది. దానికి నూనె పొయ్యడానికి పుల్లీ మెట్టులో చిన్న స్క్రూ ఒకటుంటుంది, అది విప్పి నాలుగు చుక్కలు పొయ్యాలి. ఆ స్క్రూ గాడి నిండా గట్టిపడ్డ మురికి. ఏళ్ల తరబడి ఎవరూ విప్పలేదు.

మైక్రోమీటరు చెప్పిన లెక్క

ముందు జర్నల్‌ను మూడుచోట్ల, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలిచారు. అసలు కొలత 2.250 అంగుళాలు. ముక్కు వైపు 2.246, మధ్యలో 2.2455, లోపలి వైపు 2.2475. అదీకాక మధ్యలో ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ ఒకటిన్నర థౌ తేడా, అంటే గుండ్రం పోయింది. పైన గోటికి తగిలే గీతలు. వెనక జర్నల్ అర థౌ కూడా అరగలేదు, దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

గడప మీద కూర్చున్నవాళ్లలో ఒకాయన ఎమెరీ పట్టీ చుట్టి తాడులా లాగితే నునుపొస్తుంది కదా అన్నాడు. వస్తుంది, నునుపే వస్తుంది. ఎత్తున్నచోటా పల్లమున్నచోటా పట్టీ ఒకేలా తింటుంది, కోడిగుడ్డు కోడిగుడ్డుగానే ఉండి మెరుస్తుంది. గుండ్రం తిరిగి రావాలంటే గ్రైండింగే దారి.

స్పిండిల్‌ను గోనెలో చుట్టి, ఆటోలో వేసుకుని క్రాంక్‌షాఫ్టులు గ్రైండింగు చేసే షాపుకు తీసుకెళ్లారు. అక్కడ అసలు చిక్కు గ్రైండింగు కాదు, పట్టుకోవడం. స్పిండిల్ బోలు కాబట్టి రెండు కొసలకూ స్టీలు బిరడాలు బిగించి, వాటికి 60 డిగ్రీల సెంటర్లు, అంటే శంకు గుంటలు, వేసి, ఆ సెంటర్ల మధ్య తిప్పాలి. బిరడా సెంటరు బోరుకు సరిగా ఉందనే నమ్మకం దేనికి? అందుకని గ్రైండింగు రాయి తగిలించే ముందు, ఎన్నడూ అరగని చోటు మీద, బుల్‌గేర్ కూర్చునే భాగం మీదా చక్ మెట్టు మీదా డయల్ పెట్టి, రెండుచోట్లా పావు థౌ లోపలికి వచ్చేదాకా సెంటర్లను సరిచేయించాడు ఉస్తాద్. షాపాయనకు తొందర. "అరే భాయ్, క్రాంక్‌కే ఇంత చూడం" అన్నాడు. క్రాంక్ తన చుట్టూ తాను తిరిగితే చాలు, లేత్ స్పిండిల్ తన మీద బిగించే చక్‌ను కూడా సరిగా తిప్పాలి. జర్నల్ ఒక గీత మీదా చక్ మెట్టు ఇంకో గీత మీదా ఉంటే ఆ తర్వాత కోసే ప్రతి ముక్కా తప్పే.

2.240కి గుండ్రం కుదిరింది. మొత్తం పది థౌలు పోయాయి, స్పిండిల్ బలానికి అదేమంత లెక్క కాదు. మెట్టు మూలలో గుండ్రటి వంపును అలాగే ఉంచమని రెండుసార్లు చెప్పి మరీ చేయించాడు. మూల పదునుగా కోస్తే పగులు అక్కడే పుడుతుంది. హార్డ్‌క్రోమ్ పూత వేసి మళ్లీ 2.250కి తెప్పించే దారి కూడా ఉంది. బుష్ ఎలాగూ కొత్తది పోస్తున్నాం కాబట్టి ఆ ఖర్చు అక్కర్లేదనుకున్నారు.

కళాయి అతుకు

బుష్‌కు గన్‌మెటల్. రాగి 88, తగరం 10, జింకు 2 పాళ్లు. పోత పోసేవాడికి ఈ పాళ్లు రాసిస్తే తలూపుతాడు, పాత కుళాయిలూ వాల్వులూ మూసలో వేసి పోసేస్తాడు. అందులో జింకు, సీసం ఎంతున్నాయో దేవుడికే ఎరుక. చూడటానికి పసుపు ఎక్కువ తేలితే జింకు ఎక్కువన్నట్టు. మంచి గన్‌మెటల్ విరిస్తే ఎరుపు కలిసిన బూడిద రంగులో, రవ్వ సన్నగా కనిపించాలి. ఉస్తాద్ రాగి, తగరం తనే తూయించి, మూస దగ్గర నిలబడి పోయించాడు. గన్‌మెటల్ చల్లారితే అడుగుకు దాదాపు అంగుళంలో పదహారింట మూడు వంతులు కుంచించుకుపోతుంది. చెక్క నమూనా ఆ మేరకు పెద్దది, దాని మీద కోతకు ఇంకో రెండు సూత్‌లు, అంటే పావు అంగుళం.

రెండు బద్దల బుష్‌ను ఒకే గుండ్రంగా ఎలా కోస్తారనేది చూసినవాళ్లకు మరిచిపోయే విషయం కాదు. పోతను రంపంతో నిలువునా రెండుగా కోస్తారు. కోసిన ముఖాలను ఆకురాయితో, తర్వాత సర్ఫేస్ ప్లేటు అనే చదును దిమ్మ మీద నీలం రాసి, చదును చేస్తారు. నవాసాగరం రాసి, వేడిచేసి, రెండు ముఖాలకూ పలచగా కళాయి పూసి, ఒకదానిమీద ఒకటి నొక్కిపెట్టి చల్లారుస్తారు. ఇప్పుడు అది మళ్లీ ఒకే గొట్టం. పక్క లేత్‌లో పెట్టి, నాలుగు దవడల చక్‌లో అతుకు గీత సరిగ్గా మధ్యకు వచ్చేలా సరిచేసి, బయటా లోపలా కోస్తారు. అతుకు పక్కకు జరిగితే ఒక బద్ద సగానికి ఎక్కువా ఇంకోటి తక్కువా అయి, క్యాపులో కూర్చోదు. వేడి ఎక్కితే కళాయి కరుగుతుంది కాబట్టి కోత నెమ్మదిగా, సబ్బునీళ్లు పోస్తూనే. చివర్లో దీపం సెగ చూపిస్తే అతుకు విడిపోతుంది, ముఖాల మీది కళాయిని తుడిచేస్తారు.

లోపలి బోరు జర్నల్ కంటే రెండు థౌలు తక్కువ, 2.238. మిగిలింది స్క్రేపర్ పని.

నీలం

స్క్రేపర్ ఏ కొట్లోనూ కొనలేదు. అరిగిపోయిన మూడు పలకల ఆకురాయి పళ్లను సానరాయి మీద పూర్తిగా చెరిపేసి, పలకల మధ్య సన్నటి గాడి పట్టి, అంచులను నూనెరాయి మీద నూరేవాళ్లు. పది నిమిషాల గీకుడుకు రెండు నిమిషాల నూరుడు. మొద్దు స్క్రేపర్ లోహాన్ని కోయదు, నలుపుతుంది. నలిగినచోటు మెరుస్తుంది, నీలం మాత్రం మళ్లీ అక్కడే పడుతుంది.

ప్రాగాలో రిటైరైన ఫిట్టరొకాయన వచ్చి కూర్చున్నది ఈ పనికే. ఉస్తాద్ తన షెడ్డులో తను లేచి నిలబడింది ఆయనొక్కడికే. ట్యూబు నొక్కి కందిగింజంత నీలం తీసి, జర్నల్ మీద చూపుడువేలితో, ఆ తర్వాత అరచేతి అంచుతో పరిచేవాడు. స్టీలు దాని వెనక కనిపించాలి, పలచటి ఆకాశం రంగులో. నీలం దట్టంగా పూస్తే పల్లాల్లోకి కూడా ఒలికి, అంతా ఆనుతున్నట్టే అబద్ధం చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరి తప్పూ అదే.

కింది బద్దలు రెండూ హెడ్‌స్టాక్‌లో పెట్టి, స్పిండిల్‌ను ఇద్దరూ మెల్లగా దించి, చేత్తో అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు తిప్పి, మళ్లీ ఎత్తేవాళ్లు. మొదటిసారి నీలం బద్ద రెండు పెదాల మీదే పడింది, అడుగున ఏమీ లేదు. బోరు రెండు థౌలు తక్కువ కదా, స్పిండిల్ అడుగుదాకా దిగలేదు. పెదాలు గీకడం, దించడం, ఎత్తడం. నాలుగోసారో ఐదోసారో అడుగున రెండు చుక్కలు కనిపించాయి. ఆ రెండు చుక్కల్ని గీకితే మరోసారికి ఆరు. ఒక విడత గీకింది ఎడమవాలు అయితే తర్వాతి విడత కుడివాలు. ఒకే వాలులో పోతే గాళ్లు పడి స్పిండిల్ వాటి మీద గంతులేస్తుంది. నీలం మధ్యలో లోహం మెరుస్తూ కనిపించే చుక్కలే అసలు ఎత్తులు, వాటిని ముందు గీకాలి. ఉత్త నీలం చుక్కలు ఇంకా ఆనీ ఆననివి, వాటి వంతు తర్వాత.

ఇదంతా రెండు బుష్‌లకూ కలిపే. ముందుది బాగుంది కదా అని దాన్నొక్కదాన్నే గీకి పూర్తిచేసి, తర్వాత వెనకదాని సంగతి చూస్తామంటే కుదరదు. స్పిండిల్ ఒకటే, గీత ఒకటే. అందుకే ప్రతి నాలుగు విడతలకూ ఒకసారి స్పిండిల్ టేపర్‌లో టెస్ట్ బారు పెట్టి, టూలును మోసే క్యారేజీ మీద డయల్ నిలిపి, 300 మిల్లీమీటర్ల పొడుగునా జరిపి చూసేవాళ్లు. మొదట బారు కొస ఆరు సెంట్లు పైకి లేచి ఉంది. మిల్లీమీటరులో వందోవంతును ఫిట్టరుగారు సెంటు అనేవాడు. ముందు బుష్ గీకేకొద్దీ ముక్కు దిగుతూ, ఐదు, మూడు, రెండు. కొస ఎప్పుడూ కొంచెం పైకీ, కొంచెం టూలు వైపుకూ చూడాలి, 300 మిల్లీమీటర్లకు రెండు సెంట్లు దాటకూడదు. కిందికి మాత్రం చూడకూడదు. పనిముక్క బరువుకు అది ఎలాగూ దిగేదే కదా. ఒకవేళ ముందు బుష్ ఎక్కువ గీకేసి ముక్కు దిగిపోతే వెనక బుష్‌ను కూడా దించుకుంటూ పోవాలి. అప్పుడు స్పిండిల్ మొత్తం, ఎదుటి కొసన ముక్కను ఆనించే టెయిల్‌స్టాక్ సెంటరు కంటే కిందికి పోతుంది, టెయిల్‌స్టాక్ అడుగు గీకాల్సి వస్తుంది. ఒక పొరపాటు తీసుకెళ్లి ఇంకో నాలుగు రోజుల పనికి ముడిపెడుతుంది.

"జల్దీ నక్కో", తొందర వద్దు, అనేవాడు ఉస్తాద్, కుర్రాళ్లెవరైనా స్క్రేపర్ మీద బరువేస్తే. ఒక విడతలో పోయేది పావు థౌ కూడా కాదు.

మూడోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ రోజుల్లో వేసవిలో అది మామూలే. లైన్‌షాఫ్టు ఆగాక షెడ్డులో వినిపించింది స్క్రేపర్ చప్పుడొక్కటే, పొడి ఆకు మీద వేలు రాసినట్టు. తలుపు దగ్గర వెలుగులోకి బద్దను తెచ్చి, వాలుగా పట్టుకుని లెక్కపెట్టారు. చదరపు అంగుళానికి పన్నెండు నుంచి పదిహేను చుక్కలు, అడుగున 120 డిగ్రీల మేర సమంగా. పెదాల దగ్గర మాత్రం కావాలనే కొంచెం ఎక్కువ గీకి సందు వదిలారు, నూనె లోపలికి వెళ్లే దారి అదే.

పై బద్దలకు ఒక్క రోజు చాలింది. నూనె గాడి పై బద్దలోనే, అంచులకు అర అంగుళం ఇవతలే ఆగిపోయేలా ఉలితో కొట్టారు. గాడిని అంచుదాకా తెచ్చేస్తే నూనె జర్నల్‌ను తడపకుండానే బయటికి పోతుంది.

పొట్లాలు విప్పడం

క్యాపులు బిగించడంలో లెక్క సులువు, ఓపిక కష్టం. రెండు వైపులా సమంగా షిమ్ములు పేర్చి, బోల్టులు బిగించి, స్పిండిల్ చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే రెండు వైపులా ఒక్కో థౌ రేకు తీసి మళ్లీ బిగించాలి. కోన్ పుల్లీ రెండు చేతులా పట్టుకున్నా స్పిండిల్ మొరాయించే దగ్గర ఆగి, రెండు వైపులా ఒక్కో థౌ తిరిగి వెయ్యాలి. ఒక వైపు తీసి ఇంకో వైపు మరిచిపోతే అది మళ్లీ అట్టముక్క కథే. షిమ్ములు మిగిలి ఉన్నాయి కదా అని బోల్టును సగం బిగించి సందు సరిచేసుకునేవాళ్లూ ఉంటారు. సగం బిగిసిన బోల్టు నడిచే మిషనులో నిలవదు.

కడ్డీ దూర్చి ఎత్తితే ఒకటింపావు థౌ. ఉస్తాద్ తల పంకించాడు. రెండుంపావు అంగుళాల జర్నల్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర థౌ చాలు, అంతకు తగ్గిస్తే నూనెకు చోటుండదు. ఆట పూర్తిగా పోవాలని చూసేవాళ్లే బుష్ కాల్చేసుకుంటారు. సందు ఇంత తక్కువున్నప్పుడు గేరుబాక్సుల్లో పోసే చిక్కటి నూనె పనికిరాదు. అంతకుముందు ఆట కనిపించకూడదని అదే పోసేవాళ్లట. 32 గ్రేడు పలచటి నూనెకు మార్చి, గిన్నెల్లో కొత్త ఉన్ని వత్తులు వేశారు. నూలు వత్తి కంటే ఉన్ని వత్తి నూనెను బాగా లాగుతుంది, త్వరగా గట్టిపడదు.

మొదట బ్యాక్‌గేర్ మీద అరగంట, తర్వాత ఒక్కో మెట్టూ పెంచుతూ. ఉస్తాద్ పావుగంటకోసారి క్యాపు మీద చేతి వెనక భాగం ఆనించేవాడు. వెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి ఆనించి నిలపలేనంత వేడెక్కితే వెంటనే ఆపి, క్యాపు తీసి, ఎక్కడ మెరిసిందో చూసి, ఆ ఒక్కచోటే గీకాలి. ఒకసారి అలా ఆపారు, గోరంత మచ్చ. మళ్లీ బిగించాక ఆ అవసరం రాలేదు. వెనక కొసనున్న నట్లను మాత్రం మిషను బాగా వెచ్చబడ్డాకే చివరిసారి బిగించారు. ముక్కు వైపు మెట్టు ముందు బుష్‌కు ఆనుతుంది, నట్లు వెనక బుష్‌కు. వేడికి స్పిండిల్ హెడ్‌స్టాక్ కంటే ఎక్కువ సాగితే నట్ల దగ్గర సందు పెరుగుతుంది. చల్లటప్పుడు ఒక థౌ ఉందని వదిలేస్తే పని మధ్యలో ఫేసింగు మళ్లీ అలలు తిరుగుతుంది.

చివరి పరీక్ష డయల్‌తో కాదు, కోతతో. అంగుళంన్నర కడ్డీని చక్‌లో ఆరంగుళాలు బయటికి పెట్టి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, రెండు కొసల్లో రెండు పట్టీలు మాత్రం వదిలి మధ్యభాగం తగ్గించి, ఒకే అమరికలో రెండు పట్టీల మీదా సన్న కోత పోనిచ్చారు. మైక్రోమీటరు పెడితే తేడా అర థౌ లోపే. తర్వాత పార్టింగ్ టూల్. అందరూ చుట్టూ చేరారు. టూలు దిగింది, సన్నటి చుట్ట చుట్టుకుంటూ రజను బయటికి వచ్చింది, కడ్డీ తెగి ట్రేలో పడింది. అరుపు లేదు.

ఇరుక్కున్న చక్

ఈ స్పిండిల్‌కు ఇంకో ప్రమాదం బుష్‌ల వల్ల కాదు, తొందర వల్ల వచ్చేది. చక్‌ను స్పిండిల్ ముక్కు మీది మరలకు బిగిస్తారు కాబట్టి అది ఒక్కోసారి బిగుసుకుపోతుంది. విప్పడానికి స్పిండిల్‌ను ఆపి పట్టుకోవాలి. బుల్‌గేర్ పిన్ను తీయకుండా బ్యాక్‌గేర్ కలిపేస్తే స్పిండిల్ తాళం వేసినట్టు ఆగిపోతుంది. చూడటానికి ఎంత తెలివైన ఉపాయమో! చక్‌ను గట్టిగా కొట్టగానే గేర్ పన్ను విరుగుతుంది. అలా విరిగిన పన్ను ఒకటి ఈ లేత్‌లోనూ ఉండేది. విరిగినచోట వరసగా మూడు మరమేకులు దిగ్గొట్టి, వాటి చుట్టూ ఇత్తడి పోసి, ఆకురాయితో పన్ను ఆకారం తీశారు. అన్ని పళ్లూ నల్లగా, అదొక్కటి పసుపుగా. సరైన పద్ధతి మరోటి. దవడలో పొడవాటి చెక్కదిమ్మ బిగించి, దాని కొస వెనకవైపు బెడ్‌కు ఆనేలా పెట్టి, కోన్ పుల్లీని చేత్తో ఒక్కసారి విసురుగా వెనక్కి తిప్పాలి. దిమ్మ బెడ్‌కు తగలగానే చక్ వదులవుతుంది. అంతకంటే ముందు చేయాల్సింది, బిగించేటప్పుడే మరల మీద రజను తుడిచి రెండు చుక్కల నూనె రాయడం.

లారీ

కొన్నేళ్లకు లైన్‌షాఫ్టు దించేశారు. మిషనుకో మోటారు వచ్చింది, టప్పుల చప్పుడు పోయింది. బాలానగర్ నుంచి, చర్లపల్లి నుంచి పెద్ద పనులు కంప్యూటరు లేత్‌ల వైపు మళ్లాయి. ఫిట్టరుగారు రావడం మానేశాక స్క్రేపర్లు మేకుకే వేలాడాయి. ఆ తర్వాత షెడ్డు స్థలం కూడా అమ్ముడుపోయింది.

మూల లేత్‌ను పాత ఇనుము కింద తూయించుకుంటామని ఇద్దరొచ్చారు, ఉస్తాద్ ఇవ్వలేదు. చర్లపల్లిలో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న కుర్రాడొకడు నడిపించుకుంటానన్నాడు. వాడు వచ్చీ రాగానే రంగు చూడలేదు, బెడ్ గోకి చూడలేదు. స్పిండిల్ బోరులో దూర్చడానికి కడ్డీ ఉందా అని అడిగాడు. డయల్ పెట్టి ఎత్తి చూశాడు. ఒకటిముప్పావు. ఉస్తాద్ ధర గురించి ఇంక మాట్లాడలేదు, వాడు చెప్పిందానికే ఒప్పుకున్నాడు.

లారీకి ఎక్కించే ముందు లోపలికి వెళ్లి, గోడ మేకు దగ్గరి డబ్బాలోంచి నూనె మరకల కాగితపు పొట్లం తెచ్చాడు. అప్పట్లో తీసిన ఒక్కో థౌ రేకులు, రెండు థౌలవి, మిగిలిన ఇత్తడి ముక్క. పొట్లం మీద పెన్సిలుతో ఉర్దూలో ముందు, వెనక, కుడి, ఎడమ అని రాసి, పక్కన అంకెలు. ఇంకో అర థౌ అరిగితే రెండు వైపులా ఒక్కో రేకు తీయమనీ, ఒక్క వైపే తీయొద్దనీ కుర్రాడికి మూడుసార్లు చెప్పి, ఆ పొట్లాన్ని బ్యాక్‌గేర్ పిడికి రాగితీగతో తనే కట్టాడు.